సుంకపు మెట్టు మీద సీసా



పరదేశము పోయినవాడు తిరిగి వచ్చునపుడు వట్టి చేతులతో రారాదనుట మన యిండ్లలో తరతరముల ఆచారము. కాశికి పోయినవారు గంగచెంబును, కాశీదారమును తెచ్చెడివారు. బొంబాయి మిల్లులలో పనికి పోయినవారు పండుగకు చీరలును పంచెలును తెచ్చెడివారు. నేడు మన పాలకుర్తి, జనగామ, వరంగల్లు ప్రాంతముల యువకులు దుబాయికి, మస్కట్టుకు బ్రతుకుతెరువునకై పోవుచున్నారు. డల్లాసుకు, చికాగోకు చదువునకై పోవుచున్నారు. వారు సెలవులలో వచ్చునపుడు తల్లికి శాలువయు, పిల్లలకు చాక్లెట్లును, పెద్దలకు అత్తరును, ఖర్జూరమును సంచిలో నుండును. వానితోపాటు అడుగున గుడ్డలో చుట్టిన సీసా యొకటి యుండును. "ఏమిరా, ఏమి తెచ్చినావు?" అని బావమరదులు అడిగినచో, ఆ ప్రశ్నకు అర్థము ఖర్జూరము కాదని అందరు నెరుగుదురు.

మద్యపానము మంచిదా చెడ్డదా అను విచారము నేటి ప్రసంగమునకు విషయము కాదు. ఆ విచారము ఎవరి యింట వారు చేసికొనవలసినది. విమానము దిగిన సీసా చట్టసమ్మతముగా ఇల్లు చేరుటకు దారి యేది, ఎక్కడ చేరరాదు, ఈ సంగతి తెలియనివాడు ఏమి పోగొట్టుకొనును అనునంతమట్టుకే చెప్పదలచితిని. పోవునది సీసా మాత్రమే యైనచో ఇంత చెప్పవలసిన పని లేదు. ఒక్కొక్కప్పుడు దానితోపాటు ఉద్యోగము పోవును. అప్పు చేసి కొన్న వీసా పోవును.

సరిహద్దున వస్తువును ఆపి సుంకము తీసికొనుట మనకు క్రొత్త కాదు. ఓరుగల్లు నేలిన కాకతి గణపతిదేవుడు 1244లో, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవునందు ఒక అభయశాసనమును చెక్కించెను. అంతకు పూర్వము తుపానుకు దారి తప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును రాజులు బలవంతముగా లాగికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. ఏ సరకునకు ఎంత యన్నది రాతిమీద వ్రాయించెను. ఇందులో మనము గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. వ్రాసిపెట్టిన సుంకము బాటసారికి శత్రువు కాదు. అదియే అతనికి రక్ష. లెక్క తెలిసినవానిని ఎవరును బెదరింపజాలరు. లెక్క తెలియనివాడు మాత్రము ప్రతి అధికారిని చూచి వణకును, ప్రతి దళారి మాటయు నమ్మును.

మద్యమునకును పన్నునకును గల సంబంధము మన ప్రాంతమున పాతదే. పాలకుర్తికి దూరము కాని ఖిలాషాపురమునకు చెందిన సర్వాయి పాపన్న గీతకార్మికుల కుటుంబమున పుట్టినవాడు. అతడు మొగలు అధికారము నెదిరించి 1708లో వరంగల్లు కోటనే పట్టెను. అతని కథలను మన పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. తరువాత నిజాము ప్రభుత్వమునకు కల్లు, సారాల మీది ఆబ్కారీ రాబడి గొప్ప ఆదాయమాయెను. అదియు గాక సంస్థానమునకు తనదైన సుంకశాఖ యుండెను. దానిని కరోడుగిరి యనెడివారు. 1802లో కుంపిణీవారితో కుదిరిన వర్తకపు ఒడంబడికలో సుంకము నూటికి 5 వంతున నిర్ణయమాయెను. పొలిమేర దాటి వచ్చు బండ్లను, మూటలను కరోడుగిరి నాకాలలో విప్పి చూచుచుండిరని మన తాతలు చెప్పగా విన్నవారు నేటికిని ఉందురు.

స్వాతంత్ర్యము తరువాత మరియొక చిత్రము జరిగినది. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతట మద్యనిషేధ మమలులోనికి వచ్చెను. కావున కృష్ణకు ఆవలి ఒడ్డున సీసా నేరము, ఈవలి ఒడ్డున అది సర్కారు రాబడి. ఆంధ్రరాష్ట్రములో ఈ నిషేధము గూర్చిన వివాదము ముదిరి 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమే పడిపోయెను. అటు పిమ్మట 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి. 1993 అక్టోబరులో సారా నిషేధమాయెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. ఆ రెండేండ్లలో పొరుగు రాష్ట్రముల నుండి లారీలలో, బస్సులలో ఎన్ని సీసాలు రహస్యముగా దాటివచ్చెనో ఆనాటి పత్రికలు చూచినవారు ఎరుగుదురు. ఒకే సీసా ఒక గట్టున సరకు, మరియొక గట్టున నేరము. గట్టు ఎక్కడనున్నదో తెలిసికొనుట ప్రయాణికుని మొదటి బాధ్యత.

ఇక నేటి మాటకు వత్తము. 2008 మార్చి నుండి మనవారు దిగు విమానాశ్రయము శంషాబాదులో నున్నది. అచ్చట సీసాను తెచ్చువాడు మూడు ద్వారములను దాటవలెను. చాలమంది ఈ మూటిని ఒకటిగా భావించి చిక్కుపడుచున్నారు. మొదటిది భద్రతాద్వారము. "ఈ వస్తువు వలన విమానమునకు ప్రమాదము కలదా?" అన్నదే దాని ప్రశ్న. రెండవది సుంకద్వారము, మనము కస్టమ్సు అనునది. "దీనిపై దేశమునకు రావలసినది ఎంత?" అని అది యడుగును. మూడవది కంటికి కనబడని ద్వారము. అది రాష్ట్రపు ఆబ్కారీ చట్టము. "ఈ నేలమీద దీనిని ఉంచుకొను హక్కు నీకు కలదా?" అన్నది దాని ప్రశ్న. ఒక ద్వారమున సరియన్నది మరియొక ద్వారమున సరికాకపోవచ్చును.

భద్రత సంగతి మొదట. 2006 ఆగస్టులో లండనులో ద్రవరూపములోని పేలుడుపదార్థములతో విమానములను కూల్చుటకు పన్నిన కుట్ర బయటపడెను. అప్పటి నుండి అంతర్జాతీయ ప్రయాణములలో చేతిసంచిలోని ద్రవములకు 100 మిల్లీలీటర్ల హద్దు ఏర్పడెను. నీరైనను, నూనెయైనను, మద్యమైనను ఈ నియమ మొకటే. ఊరి దుకాణమున కొన్న సీసాను చేతిసంచిలో పెట్టుకొని పోయినచో తనిఖీబల్ల వద్దనే దానిని విడువవలసివచ్చును. సుంకము లేని దుకాణములలో, అనగా డ్యూటీఫ్రీలో కొన్నదానికి మాత్రము మినహాయింపు కలదు. దుకాణమువారు దానిని విప్పినచో తెలిసిపోవునట్టి ప్రత్యేకపు సంచిలో పెట్టి, రసీదు పైకి కనబడునట్లు మూసి యిత్తురు. గమ్యము చేరువరకు ఆ సంచిని విప్పరాదు. "వాసన చూచెదమురా" అని త్రోవలో ముద్ర తెంచినవాని మినహాయింపు అక్కడితో తీరినది.

బరువుసామానులో, అనగా విమానమువారికి అప్పగించు పెట్టెలో పెట్టదలచినవారికి వేరొక లెక్క కలదు. సారము నూటికి 24 పాళ్లకు మించి 70 పాళ్ల వరకు గల మద్యమును ఒక్కొక్క ప్రయాణికుడు 5 లీటర్ల వరకు, దుకాణపు మూత విప్పని సీసాలలో, పెట్టవచ్చును. విస్కీ, బ్రాందీ, రమ్ము సాధారణముగా నూటికి 40 పాళ్ల సారము గలవి గాన ఈ కోవలోనివే. 70 పాళ్లకు మించినది మండు పదార్థము. దానిని ఏ సంచిలోను పెట్టనీయరు. బీరు, ద్రాక్షసారాయి 24 పాళ్లకు తక్కువ గాన వానికి ఈ భద్రతాహద్దు లేదు. ఈ 5 లీటర్ల మాట విన్నవారు అంతయు సుంకము లేకుండ తేవచ్చునని పొరబడుదురు. విమానము మోయుటకు ఒప్పుకొన్నంత మాత్రాన కస్టమ్సువారు ఒప్పుకొన్నట్లు కాదు.

మధ్యలో విమానము మారువారికి మరింత జాగ్రత్త కావలెను. దుబాయిలోనో దోహాలోనో మరల తనిఖీ జరుగును. ముద్రయు రసీదును సరిగా నున్ననే సీసా దాటును. నేరుగా శంషాబాదునకు రాక ఢిల్లీలోనో ముంబయిలోనో దిగి, అక్కడి నుండి దేశీయవిమానములో వచ్చువారు చాలమంది కలరు. వారిలో పెక్కురు మొదట దిగిన ఊరిలోనే కస్టమ్సు దాటవలెను. తరువాత దేశీయపు తనిఖీని దాటవలెను. చేతిలోని సీసాను అచ్చట అనుమతింపకపోవచ్చును. కావున కస్టమ్సు దాటిన వెంటనే, సామానును తిరిగి అప్పగింపకముందే, సీసాను పెట్టెలోనికి మార్చుకొనుట మేలు. రెండు చొక్కాలు చుట్టి పెట్టె నడుమ పెట్టినచో పగులదు.

ఇప్పుడు సుంకము. 1962 నాటి కస్టమ్సు చట్టము ప్రకారము ప్రయాణికుడు తన సామానులోని వస్తువులను తానై తెలియజేయవలెను. 2016 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన సామాను నిబంధనలలో మద్యమునకు పెట్టిన హద్దు ఒక్కొక్కరికి 2 లీటర్లు. అది విస్కీ యైనను ద్రాక్షసారాయి యైనను కొలత యొకటే. ఘాటును బట్టి హెచ్చుతగ్గులు లేవు. డ్యూటీఫ్రీలో అమ్ము సీసాలు తరచుగా ఒక లీటరువి. అట్టివి రెండు సరిపోవును. అమెరికా అంగళ్లలో అమ్మునవి పెక్కు 750 మిల్లీలీటర్లవి. అట్టివి రెండైనచో లీటరున్నర, మూడైనచో రెండుంపావు లీటరు. మూడవ సీసాతో పావు లీటరు హద్దు మీరినట్లే. శంషాబాదులో దిగిన తరువాత సామాను కొఱకు వేచియుండునపుడు కనబడు డ్యూటీఫ్రీ దుకాణమున కొన్నదియు ఈ 2 లీటర్లలో చేరునదే కాని వేరు కాదు. ఇద్దరు ముగ్గురి హద్దులను కలిపి ఒకరి పెట్టెలో చూపుటకు నిబంధన ఒప్పదు. చంటిబిడ్డకు వాడిన బట్టలు, సామగ్రి తప్ప వేరు హక్కు లేదు గాన, బిడ్డ పేర సీసా లెక్కించుట నవ్వులపాటు.

హద్దు మీరినచో ఏమగును? మీరినది తేవనే కూడదని కాదు. దానిపై సుంకము చెల్లింపవలెను. ఆ సుంకము మాత్రము చిన్నది కాదు. 2021 నాటి బడ్జెట్టులో విదేశీమద్యముపై మూలసుంకము నూటికి 50గను, వ్యవసాయ మౌలికవసతుల సెస్సు నూటికి 100గను నిర్ణయించిరి. రెండును కలిసి నూటికి 150. తరువాత కొన్ని దేశముల కొన్ని రకములకు తగ్గింపులు వచ్చినవి. అయినను ఆ 150 లెక్కనే చూతము. రెండువేల రూపాయల సీసాకు సుంకము మూడువేలు. మొత్తము ఐదువేలు. ఆ సొమ్ముతో అదే సరకు మన పట్టణములోనే దొరకవచ్చును. అనగా మూడవ సీసాలో లాభము లేదు. మోసిన బరువు మాత్రము మిగులును.

విమానాశ్రయమున బయటికి వచ్చుటకు రెండు దారులుండును. ఆకుపచ్చదారి సుంకము చెల్లింపవలసినది లేనివారికి; ఎఱ్ఱదారి ఉన్నవారికి. ఎఱ్ఱదారిని చూచి నేరస్థుల దారి యనుకొనువారు పెక్కురు కలరు. అది తప్పు. "నా వద్ద ఇంత అధికమున్నది, లెక్క కట్టుడు" అని చెప్పి రసీదు తీసికొని తలయెత్తుకొని వచ్చువాని దారి యది. ఆకుపచ్చదారిలో నడచుటయే "నా వద్ద ఏమియు లేదు" అని నోటితో చెప్పినట్లు. ఆ పిమ్మట పెట్టెలో అధికము దొరికినచో సరకును జప్తు చేయవచ్చును. విడిపించుకొనుటకు సొమ్మును, పైన జరిమానాను విధింపవచ్చును. దాచుటకు పడిన శ్రమలో సగము చెప్పుటకు పడినచో ఏ బాధయు నుండదు. సుంకము కట్టినవాడు రసీదు విడువరాదు. రసీదు లేని సొమ్ము సుంకము కాదు.

ఇంతవరకు మన దేశములో దిగుటను గూర్చి చెప్పితిని. ఇతరదేశముల గట్టులు వేరు. సౌదీ అరేబియాలో 1952 నుండి మద్యము నిషిద్ధము. ఇటీవల రాయబారుల వంటి కొందరికి సడలింపు కలిగినను, మన కార్మికునకు ఆ వార్తతో పని లేదు. కువైటులోను 1960ల నుండి నిషేధమున్నది. ఖతారులోనికి ప్రయాణికుడు మద్యము తేరాదు. ఎమిరేట్లలో దుబాయి పద్ధతి వేరు, పక్కనే యున్న షార్జా పద్ధతి వేరు. షార్జాలో మద్యము నిషిద్ధము. అమెరికా నుండి ఇట్టి దేశము మీదుగా వచ్చుచు, విమానము తప్పి రాత్రి బసకై బయటికి రావలసివచ్చినచో, చేతిలోని సీసా ఆ దేశములోనికి తెచ్చినట్లే యగును. ఇచ్చటినుండి పనికి పోవువాడు మిత్రుని కోరికపై ఒక సీసాను పెట్టెలో పెట్టుకొని పోయినచో, పట్టుబడిన దినమున ఆ మిత్రుడు ప్రక్కన నిలువడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో వీసా కొన్నవాడు జైలులో కొంతకాలముండి, పని పోగొట్టుకొని, తిరిగి పోవుటకు వీలులేని ముద్రతో ఇల్లు చేరును. అప్పు మాత్రము ఊరిలోనే యుండును. దానిని భార్య బీడీలు చుట్టియో కూలి చేసియో తీర్పవలసివచ్చును.

ఈ సందర్భమున మరియొక మాట. మద్యము కాకున్నను మన వంటింటి గసగసాలు కూడ ఎమిరేట్లలోను, సౌదీలోను, సింగపూరులోను నిషిద్ధములు. అవి నల్లమందు మొక్క గింజలని అచ్చటి చట్టము చూచును. మసాలాపొడిలో కలిపి పంపు తల్లులు ఈ సంగతి తెలిసియుండుట మంచిది. ఒకరు ఇచ్చిన మూటను విప్పి చూడక, "ఫలానావారికి చేర్చు నాయనా" అన్న మాట మీద తీసికొనిపోరాదు. పెట్టెలో నున్నది పెట్టె మోసినవానిదే యని ప్రతి దేశపు చట్టమును అనును.

మూడవ ద్వారము స్వరాష్ట్రములో నున్నది. విదేశము నుండి కస్టమ్సు దాటి రసీదుతో వచ్చిన సీసా వేరు. గోవా నుండియో, ఢిల్లీ నుండియో చౌకయని కొని తెచ్చిన సీసా వేరు. అచ్చట పన్ను అచ్చటి రాష్ట్రమునకు చెల్లినది, తెలంగాణమునకు చెల్లలేదు. గోవా నుండి వచ్చు ప్రయాణికుల సామానులో సీసాలను ఆబ్కారీవారు పట్టుకొనిన వార్తలను మీరును చదివియుందురు. పెండ్లికో పుట్టినరోజునకో పెట్టెలకొలది తెచ్చి, చుట్టములయెదుట గౌరవము పోగొట్టుకొనుట ఏమి వేడుక? మరియు మన ప్రాంతపు పద్మశాలీలు అనేకులు సూరతు మిల్లులలో స్థిరపడినారు. గుజరాతు రాష్ట్రము 1960లో ఏర్పడిన నాటి నుండి అచ్చట మద్యనిషేధమున్నది. అనుమతిపత్రము లేక అక్కడి చుట్టమునకు సీసా తీసికొనిపోవుట కానుక కాదు. అతనిని కేసులో ఇరికించుట.

ఇటునుండి అటు పోవు కోరిక యొకటి కలదు. అమెరికాలో నున్న మనవారు ఈతకల్లు రుచిని తలచుకొని, "ఒక సీసా తేరాదా?" అని అడుగుచుందురు. చెట్టు దిగిన కల్లు నిలువ యుండు వస్తువు కాదు. గంట గంటకు పులియుచు వాయువును విడచును. మూత బిగించిన సీసా పగులును, లేదా మూత యెగురును. పెట్టెలోని బట్టలన్నియు పులిసిన వాసన కొట్టును. ఇప్పసారాకు దుకాణపు ముద్ర లేదు గాన విమానమువారు ఒప్పుకొనరు. ఆ రుచి కావలసినవారు ఉదయమున ఈతవనమునకే రావలెను.

చివరగా ఇంటివారికి ఒక మనవి. రెండేండ్లకో మూడేండ్లకో ఒకసారి వచ్చు పిల్లవానిని గడపలో నిలిపి సీసాను గూర్చి అడుగుట మన యూళ్లలో మర్యాదగా చెల్లుచున్నది. సీసా తేలేదన్న, "వాడు పెద్దవాడైనాడు, మనలను మరచినాడు" అందురు. ఆ మాటకు వెఱచియే అనేకులు తమకు తాగు అలవాటు లేకున్నను హద్దు మీరి తెచ్చుచున్నారు. దావతుకు మొదటి దినముననే నెల జీతము వెచ్చింతురు. ఆ పిల్లవాడు ఎండలో ఇనుపకడ్డీలు మోసి కూడబెట్టిన సెలవు అది. అతని తల్లి అడుగునది ఒక్కటే: బిడ్డ చిక్కినాడా, సరిగా తినుచున్నాడా యని. మిగిలినవారును ఆమె నడుగనిచ్చి, తాము కొంత ఆగినచో అతని పెట్టెలో బరువు తగ్గును.

తెచ్చువారు తెత్తురు, అది వారి యిష్టము. తెచ్చినచో ఈ నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. కొలత రెండు లీటర్లని తెలిసికొని, ప్రయాణమునకు ముందు కస్టమ్సువారి తాజా నిబంధనలను ఒకసారి చూచుకొనుడు. ముద్ర తెంపకుడు, రసీదు పారవేయకుడు. మధ్యలో దిగు దేశపు చట్టమును ముందే అడిగి తెలిసికొనుడు. అధికమున్నచో ఎఱ్ఱదారిన పోయి చెప్పుడు. మోటుపల్లిలో రాతిమీద చెక్కిన లెక్క నేడు కాగితముమీద నున్నది. చదువుకొనువారికి అది అప్పటివలెనే అభయమిచ్చును.